మూడు వేళ్లు పట్టే నోరు

ఇప్పుడు నా నోట్లో మూడు వేళ్లు పడతాయి. చూపుడు వేలు, నడిమి వేలు, ఉంగరపు వేలు ఒకదాని మీద ఒకటి నిలబెట్టి పై పళ్లకూ కింది పళ్లకూ మధ్య పెట్టి చూసుకుంటాను. పొద్దున ముఖం కడుక్కున్నాక అదే నా మొదటి పని. పోయిన వేసవిలో చిటికెన వేలు కూడా కష్టంగా దూరేది.

జబ్బు చేసినవాళ్లు నొప్పి గురించి చెబుతారు. నాకు నొప్పి కంటే అసహ్యం ఎక్కువ గుర్తుంది. నా నోరంటే అసహ్యం, అందులోంచి వచ్చే వాసనంటే అసహ్యం, ఎదుటివాళ్లు నములుతుంటే చూడాలన్నా అసహ్యం. ఆ నెలల్లో డైరీలో కొన్ని రోజులకు ‘ఛీ’ అన్న ఒక్క మాటే ఉంది. అదంతా ఇక్కడ రాయను. పంటితో దారం పట్టుకుని పని చేసే ఆడవాళ్లు ఎవరైనా చదివి ఒకసారి తమ నోట్లో వేళ్లు పెట్టి చూసుకుంటే చాలు.

మాది ప్రొద్దుటూరు. అమ్మా నేనూ ఇంట్లోనే పట్టుచీరల కొంగులకు కుచ్చులు వేస్తాం. బజారులో బట్టల అంగళ్లవాళ్లు చీరలు పంపిస్తారు. నాయన రాజుపాలెం దగ్గర ఒక బడిలో అటెండరు. డిగ్రీ అయ్యాక నేను బయట ఉద్యోగం వెతుక్కోలేదు. కొత్తవాళ్లతో మాట్లాడాలంటే నాకు గొంతు పెగలదు. కుచ్చుల పనిలో ఆ బాధ లేదు. నోట్లో ఎప్పుడూ దారం ఉంటుంది కాబట్టి ఎవరూ మాట్లాడమని అడగరు.

ఆ పని ఎట్లా చేస్తామో చెప్పాలి. చీర కొంగును దిండుకు గుండుసూదులతో బిగిస్తాం. పట్టుదారం పోగులు కొన్ని కలిపి, అంచులోంచి లాగి, ఆ కట్ట కొసను కుడివైపు దవడ పళ్ల కింద కరిచి పట్టుకుంటాం. తల పక్కకు వంచి మెడతో లాగితే దారం తీగలాగా బిగుస్తుంది. అప్పుడు రెండు చేతులూ ఖాళీ. పురి పెట్టి, ముడి వేసి, మిగిలిన కొసను ముందు పళ్లతో కొరికేస్తాం. కత్తెర పక్కనే ఉంటుంది. దాన్ని అందుకునే లోపల ఇంకో ముడి పడుతుంది.

“దేవుడు రెండు చేతులే ఇచ్చినాడు, ఈ పనికి మూడు కావల్ల. నోరుండాది గదా,” అని నేను బడిలో చదివే రోజుల్లోనే అమ్మ నేర్పింది.

జనవరి ఆఖరులో పెళ్లిళ్ల చీరలు గుట్టలుగా వచ్చి పడ్డాయి. ఒక మధ్యాహ్నం పని ఆపి, లైబ్రరీ పుస్తకం ఒకటి పట్టుకుని పక్కకు తిరిగి పడుకున్నాను. ఆవులింత వచ్చింది. చెవి ముందర ‘టక్’మంది. తడిసిన పుల్లను కాలితో తొక్కితే వచ్చే చప్పుడు. ఆ రోజు నుంచి నోరు తెరిచినా టక్, మూసినా టక్. తింటుంటే నా తలలో ఎవరో కూర్చుని పుల్లలు విరుస్తున్నట్టు ఉండేది. పక్కవాళ్లకు వినిపిస్తుందేమోనని సిగ్గు. ఫిబ్రవరికి నోరు వంకరగా తెరుచుకోవడం మొదలైంది. మార్చిలో కణత నుంచి భుజం దాకా ఒకటే లాగుడు.

అయినా దారం కరవడం మానలేదు. రంగు చేదు, గంజి చప్పదనం, అంగడి బీరువాలోని కలరా ఉండల వాసన, అన్నీ నాలుక మీదికి వచ్చేవి. నోరు సరిగ్గా మూతపడక ఎంగిలి దారం వెంట జారి కొంగు తడిపేది. ముఖం కూడా తెలియని పెళ్లికూతురి చీరను నా ఎంగిలితో తడిపి, ఆరబెట్టి, మడత పెట్టి పంపించాను. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

ఇన్ని నెలలు ఇంట్లోవాళ్లు ఎట్లా కనిపెట్టలేదని తర్వాత చాలామంది అడిగారు. మాది సంగటి తినే ఇల్లు. రాగి సంగటిని ఎవరూ నమలరు. ముద్ద చేసి, పప్పులోనో పులుసులోనో ముంచి, అట్లాగే మింగాలి. నమిలితే పళ్లకు అంటుకుపోతుంది. చిన్నప్పుడు నేను నమలబోతే నాయన నవ్వేవాడు, “సంగటి నమిలేటోళ్లు యా ఊరోళ్లు మే?” అని. రెండు పూటలా ముద్దలు మింగుతున్నాను, కంచం ఖాళీ అవుతోంది. ఇంకేం కావాలి? ఆదివారం చర్చి నుంచి వచ్చాక జొన్నరొట్టె, కోడికూర ఉంటాయి. ఆ ఒక్కపూట ఆకలి లేదని చెప్పి, రొట్టె తునకలు మజ్జిగలో నానబెట్టుకుని, పుస్తకం పట్టుకుని లోపలికి పోయేదాన్ని. మాటలు తక్కువ, పుస్తకాల పిచ్చి అని నాకు ముందే పేరుంది. అది నాకు బాగా పనికొచ్చింది.

ఏప్రిల్‌లో పులివెందులలో మా చిన్నమ్మ కూతురి నిశ్చితార్థం. అక్కడ సంగటి లేదు. కాగితం పరిచిన పొడుగాటి బల్లలు, విస్తర్లు, పొట్టేలు మాంసం. నా ఎదురుగా వరసగా కూర్చున్న నోళ్లన్నీ కదులుతున్నాయి. ఒకాయన నములుతూ మాట్లాడుతుంటే ఎర్రటి ముద్ద నాలుక మీద అటూ ఇటూ దొర్లుతోంది. ఒకామె పంట్లో ఇరుక్కున్న పీచును గోటితో లాగి, చూసి, మళ్లీ నోట్లో వేసుకుంది. నేను తల దించుకుని ఒక చిన్న ముక్క పెట్టుకున్నాను. రెండుసార్లు నమిలాను. మూడోసారి దవడ బిగుసుకుపోయింది. తెరుచుకోదు, కదలదు. ముక్క నాలుక కింద ఉంది, ఎంగిలి ఊరుతోంది, మింగలేను, ఉమ్మలేను.

“ఏమ్మే, తినకుండ అట్ల కూచున్యావు? ముక్క ఉడకలేదా?” అంది చిన్నమ్మ.

తల అడ్డంగా ఊపాను. పెదవి అంచు నుంచి పులుసు కారింది.

“మాట్లాడు మే. అక్కా, నీ కూతురు చూడు, ఎట్లనో ఉండాది.”

ఫోను టార్చి వెలిగింది. ఇంకొకటి. నా ముఖం చుట్టూ ముఖాలు, మసాలా వాసన.

“పండ్లు తెర్చు పాపా.”

“తెరిస్తే మనం ఏంటికి చూస్తాం? వాయువు పట్టింది.”

“వాయువు కాదు, దిష్టి. పట్టుచీర కట్టిందిలే ఈ పొద్దు.”

మా చర్చి పెద్ద ఒకాయన, నాయనకు అన్న వరస, బల్ల అవతలి నుంచి లేచి వచ్చాడు. “జరగండప్పా, ప్రార్థన చేద్దాం,” అని ఒక చేయి నా నెత్తిన, ఒక చేయి నా దవడ మీద పెట్టాడు. మంచి మనిషి. మా కష్టాలన్నిటికీ ముందు వచ్చేది ఆయనే. చేయి మాత్రం కడుక్కోలేదు. ప్రార్థన జరిగినంతసేపూ కొవ్వు నా చెంప మీద పేరుకుంటోంది. ఆమెన్ అన్నాక ఏ కారణానో దవడ కొద్దిగా సడలింది. ముక్క చేతిరుమాలులో పడింది. బూడిదరంగు, నలగని ముక్క. దాని మీద నా పంటి గాట్లు. అందరూ చూశారు.

“చూస్తిరా,” అన్నాడాయన.

తిరుగు బస్సులో అమ్మ కిటికీ వైపు చూస్తూ కూర్చుంది. వేంపల్లె దాటాక అడిగింది. “ఎన్నాళ్లనుంచి ఇట్ల?”

చెప్పాను.

“ఏంటికి చెప్పలే?”

“మీరు అడగలే.”

“కంచంలో పెట్టింది పెట్టినట్టు తింటాండావు, ఏమని అడగల్ల?” అంది.

మే నెలలో పళ్ల డాక్టరు దగ్గరికి తిరగడం. ఆ గదిలో ప్లాస్టిక్ కుర్చీలు, గోడకు చిగుళ్ల జబ్బుల బొమ్మలు. ఆ బొమ్మలు చూడకుండా కూర్చోవడానికి చోటు లేదు. లోపల ఎవరో పుక్కిలించి ఉమ్మే చప్పుడు ఆగకుండా వస్తూ ఉండేది. ఒకరోజు నా పక్కన ఒకామె కూర్చుంది. చెంప వాచి కన్ను దాకా వచ్చింది. ఆమె మాట్లాడలేదు, నేను మాట్లాడలేను. నా చెమట చూసి లేచి, టేబుల్ ఫ్యాను నా వైపు తిప్పి వచ్చింది. కొంచెంసేపటికి నేను లేచి ఇద్దరికీ తగిలేట్టు తిప్పాను. ఆ నెలలో నాకు నచ్చిన మనిషి ఆమె ఒక్కతే.

డాక్టరు ఎక్స్‌రే చూసి, కుడివైపు జ్ఞానదంతం అడ్డంగా ఉందన్నాడు. “ఎప్పటికైనా తీయాల్సిందే. కానీ నోరు తెరుచుకోకపోవడానికి ఇదే కారణమని నేను చెప్పలేను.”

“పీకేయండి సార్,” అన్నాడు నాయన. “మా అన్నకు ఇట్లనే వాస్తే, పీకినాక పోయింది.”

“మీ అన్నకు వాపు. ఈ అమ్మాయికి వాపు లేదు.”

“ఏదో ఒకటి చేయాల గదా సార్. ఊరికే బిళ్లలు మింగితే ఏమొస్తాది?”

నన్ను ఎవరూ అడగలేదు. నోరు తెరుచుకున్నంత మేరలోనే సాధనాలు దూర్చి పన్ను తీశారు. ట్రేలో పడినప్పుడు చూశాను. వేర్లకు ఎర్రటి పీచు పట్టుకుని ఉంది. చిన్న పురుగులాగా అనిపించింది. తీపిగా, ఇనుము వాసనతో రక్తం గొంతులోకి జారుతూనే ఉంది. నాయన దాన్ని కాగితంలో చుట్టి ఇవ్వమని అడిగి, జేబులో పెట్టుకున్నాడు. ఎందుకో ఇప్పటికీ అడగలేదు.

నోరు తెరుచుకోలేదు సరిగదా, ఇంకా మూసుకుపోయింది. ఇప్పుడు స్ట్రా దూరేంత సందు మాత్రమే. బ్రష్షు పోదు. గుడ్డ పీలికను ఉప్పునీళ్లలో ముంచి ముందు పళ్లు మాత్రం తుడుచుకునేదాన్ని. వెనక ఏముందో, ఏం కుళ్లుతోందో వాసనే చెప్పేది. డాక్టరు కొన్నాళ్లు ఆగి రమ్మన్నాడు, అప్పటికీ ఇట్లాగే ఉంటే కడపకు పోయి దవడ కీలుకు ఆపరేషన్ అవసరమేమో చూపించాలన్నాడు. నాయన మాత్రం రెండోవైపు పన్ను కూడా తీయిస్తే సరిపోతుందని ఇంట్లో అంటుండేవాడు. పీకితే ఇంకో మంచి పన్ను పోతుంది, కోస్తే నోరు ఏమవుతుందో తెలియదు. అసలు తెరుచుకుంటుందా, ఇక బతికినన్నాళ్లూ తాగడమేనా? ఆ భయంతోనే జూన్‌లో జమ్మలమడుగుకు, జేజి ఇంటికి పోయాను.

జేజి నాయనకు తల్లి. ఆమె పళ్లు ఒక్కటీ ఊడలేదు. చెనిక్కాయ గింజలు పటపటా నమిలేస్తుంది. నేను స్ట్రాతో గంజి తాగడం రెండు రోజులు చూసి, మూడో రోజు కోడిని కోయించింది. తన కంచం, నా కంచం పక్కపక్కన పెట్టుకుంది. ఒక ముక్క నోట్లో వేసుకుని, బాగా నమిలి, చేతిలోకి ఉమ్మి, ముద్దగా చేసి నా కంచంలో పెట్టింది.

ఆ ముద్దనే చూస్తూ కూర్చున్నాను.

“ఏం అట్ల చూస్తావు? మీ నాయనకు ఇట్లనే పెట్టినా. సచ్చినాడా?” అంది.

“వద్దు జేజీ.”

“అంతా తాగేదే అయితే ఒంట్లో ఎముకలు యాడ నిలుస్తాయి? కండ్లు మూసుకో. మింగు.”

ఆ ముద్ద బూడిదరంగులో, మెరుస్తూ ఉంది. అంచున చిన్న నురగ. అది ప్రేమే అని నాకు తెలుసు. తెలిసినందువల్ల ఏమీ ఒరగలేదు. పెరట్లోకి పరిగెత్తాను. అక్కడ అర్థమైంది, వాంతి వస్తోంది, నోరు తెరుచుకోదు. పళ్ల సందులోంచి కొంచెం, ముక్కులోంచి మిగతాది. ఊపిరి అందలేదు. చచ్చిపోతున్నానని అనుకోలేదు, ఇంత రోతగా చచ్చిపోతున్నానా అనుకున్నాను.

జేజి వెనక నుంచి వచ్చి, నా తల ముందుకు వంచి, మెడ వెనక గట్టిగా పట్టుకుంది. “ఏందిమే ఇది, రాయి మాదిరి ఉండాది,” అంటూ రెండు బొటనవేళ్లతో అదిమింది. నొప్పికి కేక పెట్టబోయాను. ఆ కేకతో దవడ సడలి వేలెడంత తెరుచుకుంది. ఉన్నదంతా బయటికి పోయింది. జేజి తన కొంగుతో నా ముక్కు, నోరు తుడిచింది. నేను చేసినంత అసహ్యమూ ఆమె కొంగుకు అంటింది. సాయంత్రం ఆ చీర ఉతుక్కుంటూ గొణిగింది, “నా ఎంగిలి మాత్రం పనికిరాదంట ఈమెకు.”

మెడ అదిమితే నోరెందుకు తెరుచుకుంది? ఆ ప్రశ్న నాకు ఆపరేషన్ భయం కంటే పెద్దదైంది. జులైలో పళ్ల డాక్టరుకు ఆ సంగతి చీటీ మీద రాసి ఇచ్చాను, నోటితో చెప్పలేక. ఆయన చదివి, కడప మాట పక్కన పెట్టి, ప్రొద్దుటూరులోనే ఫిజియోథెరపీ చేసే ఒక మేడమ్ దగ్గరికి పంపించాడు.

ఆమె చిన్న వయసు మనిషి, నవ్వదు. నోట్లోకి చూడలేదు. నా చేతిని తీసుకుని నా మెడ వెనకే పెట్టింది. “ఇప్పుడు పళ్లు కరిచి పట్టు,” అంది.

కరిచాను. నా అరచేతి కింద మెడ కండ గట్టిపడింది. వదిలితే మెత్తబడింది. మళ్లీ కరిచాను, మళ్లీ గట్టిపడింది. మీరూ చేసి చూడండి, తెలుస్తుంది. ఇన్నేళ్లుగా నా మెడ నాతో పాటు నములుతోందని నాకు తెలియదు.

“తల బరువు. మెడ మీద నిలబడి ఉంటది,” అంది మేడమ్. “దవడ దానికి వేలాడతా ఉంటది. దవడ కదిలినప్పుడల్లా తల ఊగకుండా మెడ పట్టుకుంటది. నోరు పెద్దగా తెరిస్తే తల కొంచెం వెనక్కి పోతాది, గమనించినావా? నువ్వు పళ్లతో కరుస్తాండావని అనుకుంటావు. సగం మెడతో కరుస్తాండావు.”

తర్వాత నా పెదవి పైకెత్తి ముందు పన్ను చూసింది. దాని అంచున సన్నటి గాడి. “ఇదేంది? దారం కొరుకుతావా?”

తల ఊపాను. ఎట్లా పట్టుకుంటావో చూపించమంది. దవడ కరిచి, తల పక్కకు వంచి, లాగి చూపించాను. రెండూ ఒకేసారి బిగుసుకోవడం నా చేతికే తెలిసింది.

“రోజంతా ఇట్లనేనా?”

“అందరం ఇట్లనే చేస్తాం మేడమ్,” అంది అమ్మ వెనక నుంచి. “నేను పెండ్లికి ముందునుంచి చేస్తాండా. నాకేం కాలే.”

మేడమ్ అమ్మ మెడ వైపు ఒక క్షణం చూసింది.

ఆటోలో అమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది. “అంటే నేను నేర్పిన పని వల్లనే నీకు ఇట్లయింది. అంతే గదా?”

“నేను అట్ల అన్లే అమ్మా.”

“నువ్వు ఏదీ అనవు. అదే నీతో వచ్చిన తంటా.”

ఇంటికి పోయి, మంచం పక్కన గోడకు మేకు కొట్టింది. నా దారాలు ఇక ఆ మేకుకు కట్టుకోమంది. తను మాత్రం ఎప్పటిలాగే పంటి కింద పెట్టుకుని పనికి కూర్చుంది. మేకుతో పని ఆలస్యం. నేను ఒక కొంగు పూర్తి చేసేలోపు అమ్మ రెండో చీర మొదలుపెట్టేది.

బాగవడం కూడా అందమైన పని కాదు. వేడినీళ్ల గుడ్డ, మెడకు చిన్న చిన్న కసరత్తులు, గడ్డం కింద పిడికిలి పెట్టి మెల్లగా తెరవడం. అద్దం ముందు చొంగ కారుతుంటే వంకర నోటిని తిన్నగా తెరవడం నేర్చుకున్నాను. మొదటిసారి బ్రష్షు వెనక పళ్లదాకా పోయినప్పుడు ఏం బయటికి వచ్చిందో రాయను. సెప్టెంబరులో ఇడ్లీ, అక్టోబరులో అన్నం. రొట్టె తునకను మొదటిసారి నమిలిన రోజు నాయన ఎదురుగా కూర్చుని, తనే నములుతున్నట్టు దవడ ఆడించాడు. “నిదానంగా మే, నిదానంగా. ఆ పన్ను ఊరికే పీకిస్తిని గదా,” అన్నాడు. నేను నమలడం ఆపలేదు. టక్ చప్పుడు ఇప్పటికీ అప్పుడప్పుడు వస్తుంది. పెళ్లి భోజనాల్లో నోళ్లను చూడటం నాకు ఇంకా చేతకాదు. అది ఇక పోదనుకుంటాను.

డిసెంబరు మొదట్లో ఒక మధ్యాహ్నం మూడో వేలు పట్టింది. అమ్మ నా పక్కనే కుచ్చులు వేస్తోంది. చూపించాను.

“బలే ఘనకార్యం,” అంది, దారం వదలకుండా, పళ్ల మధ్యనుంచే. కళ్లు మాత్రం నవ్వాయి.

“నువ్వూ పెట్టి చూడు.”

“నాకేంటికి?”

“ఊరికే చూడమ్మా.”

దారం తీసి, కొంగుకు వేళ్లు తుడుచుకుని, నోరు తెరిచింది. రెండు వేళ్లు పోయాయి. మూడోది పళ్లకు తగిలి ఆగింది. ఇంకొంచెం తెరవబోయి ముఖం చిట్లించింది. ఆమె చెవి ముందర ‘టక్’మంది. ఆ చప్పుడు నాకు తెలుసు.

“నాది చిన్న నోరు,” అంది. “మొదటినుంచి ఇంతే.”

అమ్మకు రొట్టె ఇష్టం ఉండదు. ఇది మా ఇంట్లో అందరికీ తెలిసిన విషయం. మాకు రొట్టెలు కాల్చి పెట్టి, చివరిగా కూర్చుని, తను ఒక సంగటి ముద్ద మింగి లేస్తుంది. చర్చి వాళ్లు తీసిన ఫోటోలన్నిటిలో తల కుడివైపుకు వాల్చి ఉంటుంది. ఆమె నిలబడే తీరే అంత అని మేము నవ్వుకునేవాళ్లం. నేను మూడు నెలలు దాచాను. ఆమె ఎన్నేళ్లు దాచిందో, దాస్తున్నానని తనకైనా తెలుసో లేదో.

లేచి ఆమె వెనక్కి పోయి మెడ మీద చేయి పెట్టాను. రాయి.

“ఏంది మే, పని కానీ,” అంది. అప్పటికే దారం మళ్లీ దవడ కిందికి పోయింది, తల వాలింది, నా చేతి కింద ఆ రాయి ఇంకా బిగిసింది.

ముందుకు వంగి, ఆమె పెదవుల మధ్య నుంచి ఆ దారం కొస లాగాను. ఒక్క క్షణం బిగపట్టి, తర్వాత వదిలింది. వేళ్ల మధ్య వెచ్చగా, జిగటగా, తడిగా ఉంది. నా ఒళ్లు జలదరించింది. తుడుచుకోలేదు. అట్లాగే పట్టుకుని గోడ దగ్గరికి పోయి, మేకుకు కట్టాను.